హార్సిలీ కొండ మీద వాన, ఫోన్లో సిడ్నీ వార్త: స్నేహితురాలు మాట్లాడటం మానేసింది, ఇప్పుడు నేనేం చెయ్యాలి?

తిరుపతి నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. పేరు, ఏ వీధి అవేవీ వద్దన్నారు కాబట్టి ఇవ్వట్లేదు. చాలా పొడుగు ఉత్తరం, కుదించి చెప్తాను, ఆమె మాటలు కొన్ని మాత్రం అట్లే ఉంచుతాను.

ఆమె గవర్నమెంట్ స్కూల్ టీచరు. భర్తకి ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో కలిసి చదువుకున్న ముగ్గురు స్నేహితులు ఉన్నారు, ఈ నాలుగు కుటుంబాలూ కలిసి ఏటా డిసెంబర్లో రెండు రోజులు ఏదో ఒక కొండకి పోయి నడిచి వస్తారు. ఒకసారి తలకోన, ఒకసారి పుత్తూరు దగ్గర కైలాసకోన, ఈసారి మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్. నాలుగింటిలో ఒకటి ముస్లిం కుటుంబం. ఆ ఇంటామెని ఈమె పిల్లలు పిన్నీ అని పిలుస్తారు, ఈమె రెండో కాన్పు అప్పుడు ఆసుపత్రిలో పక్కన చాప వేసుకుని పడుకున్నది ఆమే.

శనివారం బయల్దేరి భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి పీలేరు, వాయల్పాడు దాటేసరికే ముసురు పట్టింది, కొండ మీదికి పోయేసరికి ముందు పోయే కారు లైట్లు కూడా కనపడనంత మంచు. ఆదివారం, అంటే 2025 డిసెంబర్ 14న, పొద్దున గొడుగులేసుకుని గాలిబండ దాకా నడిచారు, తిరిగొచ్చి మధ్యాహ్నం తిని కూర్చున్నాక ఫోన్లు మోగడం మొదలైంది. ఆస్ట్రేలియాలో, సిడ్నీ బాండై బీచ్ దగ్గర యూదుల పండగకి కలిసినవాళ్ళ మీద కాల్పులు అని. భర్త వాళ్ళ అక్క కొడుకు సిడ్నీలోనే మాస్టర్స్ చదువుతున్నాడు. చిత్తూరులో ఉండే ఆ వదిన ఏడుస్తా ఫోన్ చేసింది, అబ్బాయి ఎత్తడం లేదని. కొండ మీద సిగ్నల్ వస్తా పోతా ఉంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వానలోనే రోడ్డు మీదికి పోయి, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుని, అతని రూమ్మేట్లకీ తెలిసిన పిల్లలకీ చేస్తానే ఉన్నారు. ఆ అబ్బాయి ఉండేది పారమట్టా పక్క, బీచ్‌కి బాగా దూరం, సూపర్‌మార్కెట్లో షిఫ్ట్ అయ్యేదాకా ఫోన్ లాకర్లో పెట్టాలంట. సాయంత్రానికి దొరికాడు, క్షేమం.

ఈలోపల గదిలో ఇంకొకటి జరిగింది. స్నేహితుల్లో ఒకాయన ఫోన్లో వార్త చదివి వినిపిస్తా, ముస్లింలని ఉద్దేశించి "వీళ్ళు యాడికి పోయినా ఇంతే, వీళ్ళని నమ్మేదానికి లేదు" అన్నాడు. ఆ ముస్లిం దంపతులు అక్కడే ఉన్నారు, వాళ్ళ పాప కూడా. ఎవరూ ఏమీ అనలేదు. "అప్పుడే వానలోనుంచి లోపలికి వచ్చాను. నేను విన్నాను. విననట్టు టవల్‌తో తల తుడుచుకుంటా ఉన్నా" అని ఈమె రాశారు. తర్వాత అబ్బాయి దొరికాడని తెలిశాక ఆ సంతోషంలో "మనోడు బాగున్నాడంట, ఇంక ఆ టాపిక్ వదిలేయండి, బజ్జీలు చల్లారిపోతాయి రండి" అని అందరినీ పిలిచారంట.

సోమవారం పొద్దున ఆ కుటుంబం పాపకి జ్వరంగా ఉందని చెప్పి మదనపల్లె బస్సు ఎక్కేసింది. మిగిలినవాళ్ళు వానలోనే ఘాట్ రోడ్డు మీద నడిచారు. "ఆ నడక జన్మలో మర్చిపోలేను, నీలగిరి ఆకుల వాసన, మలుపు మలుపుకీ మంచు, ఎవరి మాటా వినపడనంత వాన. అంత బాగుండటమే నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది." ఆ ఫొటోలు స్టేటస్ పెట్టారు. అది చూసి వదిన, "నా బిడ్డ ఏమయ్యాడో అని నేను అన్నం ముట్టకుండా ఉంటే మీరు మంచులో ఫొటోలు దిగుతున్నారా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకి కాల్పులు జరిపినవాళ్ళలో ఒకడి సొంతూరు హైదరాబాద్ అని వార్త రావడంతో వాట్సాప్ గ్రూపు నిండా ఫార్వర్డ్‌లే. స్నేహితురాలు ఒక్క ముక్క కూడా రాయకుండా గ్రూపులోనుంచి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు, మెసేజ్ పెడితే నమస్కారం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటుంది. భర్తేమో "పెద్దది చెయ్యద్దు, రంజాన్‌కి పోయి బిర్యానీ తిని వస్తే అదే సర్దుకుంటుంది" అంటున్నాడు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు "పిన్నీ వాళ్ళు మనింటికి ఎందుకు రావట్లేదు" అని అడుగుతున్నాడు. వదిన ఒకరోజు మాట్లాడదు, మాట్లాడితే "వాడిని వెనక్కి రమ్మని మీరే చెప్పండి" అంటుంది. ఈమెకి రాత్రిళ్ళు నిద్ర లేదు, లేచి ఆ కాల్పుల వీడియోలే చూస్తా కూర్చుంటున్నారు. ఎవరికి ముందు ఏం చెప్పాలి, అసలు నేను చేసిన తప్పేంది అని అడిగారు.

అమ్మా,

ముందు నిద్ర సంగతి చెప్తాను, ఎందుకంటే నిద్రలేని మనిషి ఏ మాటా సరిగ్గా చెప్పలేదు. ఆ వీడియోలు ఆపేయండి. తగ్గించడం కాదు, పూర్తిగానే. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాక అక్కడి పరిశోధకులు ఒక సర్వే చేశారు, ఆ వారం రోజులూ రోజుకి ఆరు గంటలు అంతకన్నా ఎక్కువ ఆ వార్తలు చూస్తా కూర్చున్నవాళ్ళలో, బాంబు పేలిన చోట ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనపడ్డాయి. అంటే తిరుపతిలో మంచం మీద పడుకుని చూసినా ఒళ్ళు దాన్ని పక్కనే జరిగినట్టు తీసుకుంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అయ్యేది ఆపండి, ఫోన్ రాత్రి హాల్లో చార్జింగ్ పెట్టి గదిలోకి పోండి. ఇంకో పది పదిహేను రోజులు చూసి అప్పటికీ నిద్ర రాకపోతే, గుండె దడ, ఉలిక్కిపడటం ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్, గవర్నమెంట్‌ది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. లేదంటే రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పోయి చూపించుకోండి. టీచరమ్మ అక్కడ కనపడితే జనం ఏమనుకుంటారో అని ఆగొద్దు.

ఇంక ఆ నడక. దానికి మీరు సిగ్గుపడాల్సిన పని లేదు అని నేను గట్టిగానే చెప్తా ఉన్నా. ముందురోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా వానలో నిలబడి ఒక పిల్లోడి గొంతు కోసం ఎదురుచూశారు, గొంతు వినపడింది, మరుసటి రోజు కాళ్ళు వాటంతటవే నడవాలనుకుంటాయి, ఊపిరి ఆడుతుంది, నీలగిరి వాసన ఎప్పుడూ లేనంత గాఢంగా తగులుతుంది. భయం దిగిపోయిన ఒంటికి అట్లనే ఉంటుంది. మీరు గదిలో తలుపేసుకుని కూర్చుని ఉంటే సిడ్నీలో ఎవరికీ ఏమీ ఒరిగేది కాదు, మీ పిల్లలకి మాత్రం ఆ రెండో రోజు కూడా పోయేది.

కానీ నడక వేరు, స్టేటస్ వేరు. మీరు నడిచింది మీ కోసం, స్టేటస్ పెట్టింది ఫోన్లో ఉన్న వంద మందికి, అందులో వదిన ఒకరు. ఆమె ఫోన్ తీసి చూస్తే ముందు కనపడింది మీరు గొడుగు కింద నవ్వుతున్న ఫొటో. అంతకుముందు మీరిద్దరూ వానలో తడుస్తా ఎన్ని ఫోన్లు చేశారో ఆమెకి తెలుసా? మీ ఉత్తరం చదివితే ఎవరూ ఆమెకి చెప్పినట్టు లేదు. ఆమె చిత్తూరులో ఒక్కతే ఇంట్లో కూర్చుని, కొడుకు ఫోన్ ఎత్తని ఆ గంటలు గడిపింది, మీరు మీ ఆయనతో కలిసి గడిపారు, ఆ తేడా పెద్దది.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఫోన్లో వివరంగా చెప్పుకోవడం, మేము ఇంతమందికి చేశాము, ఇట్ల తడిసాము అని. చెప్తే ఆమెకి అర్థం అవుతుంది కానీ అది లెక్క చెప్పినట్టు వినపడుతుంది, ఆమె ఇంకో లెక్క తీస్తుంది, మీ ఇళ్ళల్లో ఇంతకుముందు నుంచీ ఉన్న పాత మాటలు కూడా బయటికి వస్తాయి. రెండోది, ఒక ఆదివారం మీ ఆయన్ని తీసుకుని చిత్తూరు పోయి, "ఆ రోజు నీ దగ్గరికి రావాల్సింది వదినా, కనీసం ఆ ఫొటోలు పెట్టకుండా ఉండాల్సింది" అని ఒక్కసారి చెప్పి, తర్వాత ఆమె మాట్లాడేది వినడం. రెండోదానికి ఒక పూట పడుతుంది, ఆమె తిట్టే అవకాశం కూడా ఉంది, తిట్టనివ్వండి. నాకు రెండోదే నచ్చుతుంది కానీ మీ వదిన స్వభావం మీకు తెలుసు, మనుషులు ఎదురుగా ఉంటే ఇంకా రెచ్చిపోయే మనిషి అయితే ముందు మీ ఆయన ఒక్కడే పోయి రావడం మంచిది, అక్కా తమ్ముళ్ళ మధ్య వేరే చనువు ఉంటుంది.

ఆ అబ్బాయిని వెనక్కి పిలిపించే విషయంలో మాత్రం మీరు మధ్యలో పడొద్దు. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లోడు కోర్సు మధ్యలో వదిలేస్తే ఆ వీసా రద్దు కావచ్చు, కట్టిన ఫీజు వెనక్కి రాకపోవచ్చు, లోను మాత్రం ఉంటుంది, మళ్ళీ పోవాలంటే మొదటి నుంచి అప్లై చేసుకోవాలి. ఇది వదినకి భయంలో కనపడకపోవచ్చు, మీ ఆయన మెల్లగా చెప్పచ్చు. అక్కడ ఇప్పుడు ఎండాకాలం సెలవులు, యూనివర్సిటీలు మళ్ళీ తెరిచేది ఫిబ్రవరిలోనో మార్చిలోనో. అందుకని ఇంట్లో టికెట్‌కి డబ్బులు సర్దగలిగితే ఒక్క పదిహేను రోజులు వచ్చి కనపడి పొమ్మనచ్చు. ఖర్చు ఉంది, ఆ పదిహేను రోజుల జీతం కూడా పోతుంది వాడికి, కానీ తల్లి కళ్ళతో చూసుకుంటే ఆ "వచ్చేయ్" అన్న మాట తగ్గుతుందని నా నమ్మకం. రాలేకపోతే రోజూ ఒక టైమ్ పెట్టుకుని వీడియో కాల్, షిఫ్ట్‌కి పోయే ముందు "ఫోన్ లాకర్లో పెడతా ఉన్నా" అని ఒక మెసేజ్, ఒక రూమ్మేట్ నంబరు, ఒక మేనేజర్ నంబరు చిత్తూరులో రాసి పెట్టుకోవడం. ఆ రోజు అంత నరకం పడింది ఆ నంబర్లు లేకనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఉత్తరంలో దీన్ని వదిన తర్వాత, నిద్ర తర్వాత, స్టేటస్ తర్వాత రాశారు, కానీ టవల్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం చదివితేనే తెలిసిపోతా ఉంది మిమ్మల్ని నిద్ర లేపేది ఏందో.

ఆమె మీతో మాట్లాడకపోవడానికి కారణం ఆయన అన్న మాట ఒక్కటే అని మీరు అనుకుంటున్నారు. నాకట్ల అనిపించలేదు. అట్లాంటి మాటలు ఆమె బస్సుల్లో, స్టాఫ్‌రూముల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో విని ఉంటుంది, ఆయన నోట రావడం బాధే, కానీ ఆయన ఆమెకి మీ అంత దగ్గర కాదు. మీరు లోపలికి వచ్చినప్పుడు ఆమె మీ మొహం వైపు చూసి ఉంటుంది. మీరు టవల్ వెనకాల ఉన్నారు. ఆ తర్వాత మీరు అన్న "మనోడు బాగున్నాడు, టాపిక్ వదిలేయండి" అన్నది మీకు ఊరట, ఆమెకి మాత్రం ఇంకోలా వినపడి ఉంటుంది, మా పిల్లోడు దొరికాడు కాబట్టి నీకు తగిలిన దెబ్బ కూడా ఇక్కడితో అయిపోయింది అన్నట్టు. మీరు ఆ ఉద్దేశంతో అనలేదు, నాకు తెలుసు. అప్పటికి మీ తలలో మేనల్లుడు తప్ప ఇంకెవరికీ చోటు లేదు, అది కూడా నిజం. కానీ ఆ రాత్రి అక్కడే పడుకున్నారు కదా, పొద్దున దాకా టైమ్ ఉంది, ఆమె గది తలుపు పక్కనే ఉంది. పాపకి జ్వరం అన్నప్పుడు నిజంగా జ్వరమా అని నుదురు పట్టుకుని చూశారా? ఉత్తరంలో ఆ మాట లేదు.

ఇంకో మాట, ఇది కొంచెం కష్టంగా అనిపిస్తుంది, అయినా చెప్తాను. బాండైలో చచ్చిపోయిన పదిహేను మంది గురించి మీ నాలుగు కుటుంబాల్లో ఎవరూ మాట్లాడినట్టు మీ ఉత్తరంలో లేదు. హనుక్కా అని యూదుల దీపాల పండగ, దాని మొదటి సాయంత్రం పిల్లలతో బీచ్ పక్కన పార్కులో కలిశారు వాళ్ళు. పదేళ్ళ పాప ఉంది పోయినవాళ్ళలో, హిట్లర్ కాలంలో ప్రాణాలతో బయటపడ్డ ఎనభై ఏడేళ్ళ పెద్దాయన ఉన్నాడు. వాళ్ళ మీద జాలితోనే కోపం వచ్చింది అని మీ స్నేహితుడు అనచ్చు. కానీ గ్రూపులో వచ్చిన ఫార్వర్డ్‌లు మీరు కొన్ని నాకు పంపించారు కదా, వాటిలో ఆ పాప లేదు, ఆ పెద్దాయన లేడు, మొత్తం మన వీధిలో ఎవరిని అనుమానించాలి అన్నదే ఉంది. ఏడవాల్సిన చోట ఏడవకుండా పక్కనున్నవాళ్ళని చూసుకుని పళ్ళు నూరడం ఎవరికి మేలు చేసింది?

ఆయన్ని కూడా పూర్తిగా చెడ్డవాడు అని నేను తేల్చేయను. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు, కొండ మీద సెలవుకి పోయినవాళ్ళని, మీలాంటి కుటుంబాలని. అందులో విశాఖ ఆయన ఉన్నారు, మన పక్కనే నెల్లూరు జిల్లా కావలి అబ్బాయి ఉన్నాడు. ఆ కోపం చాలామందిలో దిగకుండా అట్లనే ఉంది, మళ్ళీ ఒక కొండ మీద, వానలో, స్నేహితుడి మేనల్లుడు దొరకని టైమ్‌లో అది బయటికి వచ్చింది. కోపం రావడం నాకు అర్థం అవుతుంది. కానీ ఆ పహల్గాంలోనే పర్యాటకుల్ని కాపాడబోయి గుర్రాలు తోలుకునే ముస్లిం కుర్రోడు చచ్చిపోయాడు, బాండైలో కూడా చేతిలో ఏమీ లేకుండా పోయి తుపాకీ లాక్కున్నది అహ్మద్ అనే ఆయన, సిరియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు, ఆయనకీ బుల్లెట్లు తగిలాయి. ఇవన్నీ ఆయన కూడా చదివే ఉంటాడు.

అయితే ఒకటి జాగ్రత్త. ఈ అహ్మద్ కథ మీ స్నేహితురాలి దగ్గర ఎత్తొద్దు. మీలో కూడా మంచివాళ్ళు ఉన్నారు కదా అని ఓదార్చడానికి చాలామందికి నోటి దాకా వస్తుంది అది. అట్లే "మేము మిమ్మల్ని వాళ్ళలో ఒకరిగా ఎప్పుడూ అనుకోలేదు" అన్న మాట కూడా వద్దు. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది, లోపల మాత్రం మిగతా అందరినీ అట్లనే అనుకుంటున్నాం, నిన్ను మాత్రం మినహాయించాం అని ఉంటుంది. తుపాకీ పట్టినవాడి పాపం ఆమెది కాదు, తుపాకీ లాక్కున్నవాడి పుణ్యం కూడా ఆమె మోయక్కర్లేదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని ఒక ఆస్ట్రేలియా వాడు కాల్చి చంపాడు, చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ వాళ్ళు కూడా ఉన్నారు. అప్పుడు మనూళ్ళో ఏ క్రైస్తవ కుటుంబాన్నీ ఎవరూ నువ్వేమంటావు అని అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. మరి ఈమె దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆమె మొహం వైపే చూస్తారు ఎందుకు, అది మీరు ఆలోచించండి.

మరి ఏం చెయ్యచ్చు? మీ ఆయన చెప్పినట్టు రంజాన్ దాకా ఆగచ్చు. ఈసారి, అంటే 2026లో, ఉపవాసాలు మొదలయ్యేదే ఫిబ్రవరి మూడో వారంలో, పండగ మార్చిలో, అంటే ఇంకా రెండు నెలలు. ఆమె మర్యాదస్తురాలు, మీరు పోతే కుర్చీ వేస్తుంది, బిర్యానీ పెడుతుంది, మీరు తిని వస్తారు, మీ ఆయన "చూశావా, సర్దుకుంది" అంటాడు. ఇంక ఆ తర్వాత ఎప్పటికీ అట్లనే ఉంటుంది, పండగ పండగకీ ప్లేట్లు మారతాయి, కొండకి మాత్రం ఏదో ఒక జ్వరం వస్తుంది. ఈ దారిలో గొడవ లేదు, కానీ మీ స్నేహం ఉండదు, పరిచయం ఉంటుంది.

పెద్ద మెసేజ్ రాసి పంపచ్చు. మొహం చూడక్కర్లేదు కాబట్టి మీకు సులువు, ఆమెకి కూడా తన టైమ్‌లో చదువుకునే వీలు ఉంటుంది. ఎదురుగా మాట్లాడితే మీకు ఏడుపు వచ్చి ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుందనుకుంటే ఇదే మంచిది. నష్టం ఏందంటే ఆమె మళ్ళీ నమస్కారం బొమ్మే పెడితే మీరు అక్కడే ఆగిపోతారు.

లేదంటే ఇంటికే పోండి. సంక్రాంతి వచ్చేస్తా ఉంది కదా, అరిసెల డబ్బా పట్టుకుని పోవాలనిపిస్తుంది, మొదటిసారి ఊరికే చేతులూపుకుంటా పోండి. డబ్బా ఉంటే మాట దాని మీదికి పోతుంది, పాకం కుదిరిందా, ఎన్ని చేశావు అని. పిల్లల్ని తీసుకుపోవద్దు, మీ ఆయన్నీ వద్దు. "ఆ రోజు ఆయన అన్నది నేను విన్నాను, విని కూడా విననట్టు ఉన్నాను, నీ పాప ముందర. అది నేను చేసిన తప్పు" అంతే చెప్పండి. "కానీ మేనల్లుడి టెన్షన్‌లో" అని మొదలుపెట్టొద్దు. అది నిజమే, ఆమెకీ తెలుసు, కానీ మీ నోటి నుంచి వస్తే ముందు చెప్పింది మొత్తం కరిగిపోతుంది. తర్వాత ఆమె ఏమంటుందో మీ చేతుల్లో లేదు. ఏడవచ్చు, మామూలుగా కాఫీ కలపచ్చు, "ఇప్పుడా గుర్తొచ్చింది" అనచ్చు, వచ్చే డిసెంబర్ నుంచి మేము రాము అనచ్చు. రాము అంటే బతిమాలొద్దు. నాలుగు కుటుంబాలతో కాకపోయినా మీరిద్దరూ మీ పిల్లలూ మాత్రం ఒక పూట తలకోనకి పోయి రావచ్చు, అది ఆమె ఇష్టానికి వదిలేయండి.

నన్నడిగితే ఈ మూడోదే, అదీ ఈ వారంలో. కానీ దీనికి ఇంకోటి జత కావాలి, అది లేకపోతే ఆమె గుమ్మంలో మీరు చెప్పిన మాట సగమే అవుతుంది. ఆమె దగ్గర ఒంటరిగా తప్పయింది అని చెప్పి, ఆ మాట అన్న మనిషి ముందు మళ్ళీ నోరు మెదపకపోతే ఎట్ల? ఆయనతో మాట్లాడాల్సింది మీ ఆయన. హాస్టల్లో ఒకే గదిలో పడుకున్నవాళ్ళు, మీరు చెప్తే ఆయన ఆడవాళ్ళ మాట అని తీసేస్తాడు, మీ ఆయన చెప్తే వినకపోయినా గుర్తుంటుంది. గ్రూపులో అందరి ముందు నిలదీస్తే ఆయన మొండికేస్తాడు, పక్కన తీసుకుపోయి చెప్తే ఆలోచిస్తాడు. "వాడు మన స్నేహితుడు, వాడి బిడ్డ ముందు అట్ల అన్నావు, నేనూ ఊరుకున్నాను, ఇద్దరం తప్పే చేశాం" అని మొదలుపెడితే వినే అవకాశం ఎక్కువ. ఆయన ససేమిరా అనచ్చు. అప్పుడు వచ్చే ఏడాది ఎవరెవరు కలిసి పోవాలన్నది మీరు తేల్చుకోవాల్సి వస్తుంది, మీ ఆయన పెద్దది చెయ్యద్దు అనేది ఈ భయంతోనే అనిపిస్తా ఉంది నాకు. కానీ ఒక కుటుంబం ఇప్పటికే వెళ్ళిపోయింది కదా, అది చిన్నదా?

గ్రూపులో మాత్రం మీరే రాయచ్చు, దానికి మీ ఆయన అక్కర్లేదు. కాల్పులు జరిపింది తండ్రీ కొడుకులు, అందులో తండ్రి హైదరాబాద్ వాడే, నిజమే, కానీ 1998లోనే ఉద్యోగానికి ఆస్ట్రేలియా పోయాడని, పోయేముందు ఇక్కడ అతని మీద ఏ కేసూ లేదని, ఇక్కడున్న బంధువులతో సంబంధాలు చాలా తక్కువని, అతను అట్ల మారడానికి ఇండియాతో సంబంధం కనపడలేదని తెలంగాణ పోలీసులే చెప్పారు. ఇంకోటి, కాల్చిన కొడుకు పేరే ఉన్న వేరే మనిషి ఫొటో ప్రపంచమంతా తిరిగింది, సిడ్నీలోనే ఉండే ఆ పాపం తెలియని మనిషి నేను కాదు మొర్రో అని వీడియో పెట్టుకోవాల్సి వచ్చింది. మీ గ్రూపులో తిరిగిన ఫొటోల్లో అది ఉందేమో చూడండి, ఉంటే ఇది తప్పు ఫొటో, తీసేయండి అని రెండు లైన్లు రాయండి. వాదన వద్దు, పెద్ద ఉపన్యాసం వద్దు. ఒకరిద్దరు మొహం ముడుచుకుంటారు, మాట్లాడకుండా ఉన్న ఇంకో ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకోవచ్చు కూడా, వాళ్ళు కూడా ఆ రోజు మీలాగే తల ఒంచుకున్నవాళ్ళే కదా.

ఇంక మీ అబ్బాయి. తొమ్మిదో తరగతి పిల్లోడికి పాప జ్వరం కథ పనికిరాదు, వాడు ఆ గదిలో ఉన్నాడో లేదో మీరు రాయలేదు కానీ ఉంటే మొత్తం విన్నాడు, లేకపోయినా పిల్లలు పిల్లలు మాట్లాడుకుంటారు. "ఆ అంకుల్ పిన్నీ వాళ్ళ ముందు అనకూడని మాట అన్నాడు, నేను అడ్డం చెప్పలేదు, పిన్నికి కోపం వచ్చింది, ఆమె కోపం న్యాయమే, నేను పోయి మాట్లాడతాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అప్పుడు వాడు మరి నాన్న ఎందుకు అనలేదు అని అడుగుతాడు, దానికి జవాబు నాన్ననే అడగమనండి. మీరు ఆమె ఇంటికి పోయి వచ్చాక చెప్దాం అనుకోవద్దు, ఆ మాట ఎట్ల జరుగుతుందో ఎవరికీ తెలీదు, వాడికి మాత్రం ముందే చెప్పేయండి.